ఇంటర్న్‌షిప్ సెమిస్టర్‌ని సేవలో గడపాలనుకునే క్రైస్తవ విద్యార్థులకు: ఎక్కడ చేయాలి, ఎలా చేయాలి

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివేవాళ్లకి ఇంటర్న్‌షిప్ ఇప్పుడు చదువులో భాగం. 2020-21లో సిలబస్ మార్చినప్పుడు మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక చిన్న ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత ఒక సెమిస్టర్ మొత్తం. ఈ సెమిస్టర్‌ని చాలామంది ఎలా దాటేస్తున్నారో మనకి తెలిసిందే, ఎవరికో డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకోవడం, ఎవరిదో రిపోర్టు చూసి రాసేయడం. కానీ సంఘంలో పెరిగి, యూత్ మీటింగుల్లో "ప్రభువా, నన్ను వాడుకో" అని ప్రార్థన చేసుకునే పిల్లలకి చదువు ఆగకుండా, మార్కులు పోకుండా ఇన్ని నెలలు జనం మధ్య పనిచేసే అవకాశం మళ్లీ రాదు. ఉద్యోగం వచ్చాక అంత తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఇది వివరంగా రాస్తున్నాను.

ముందు కాలేజీ సంగతి తేల్చుకోండి

సెమిస్టర్ మొదలవడానికి కనీసం రెండు నెలల ముందే మీ మెంటర్ లెక్చరర్ దగ్గరికి వెళ్లండి. ఎన్ని వారాలు చేయాలి, ఎలాంటి సంస్థని ఒప్పుకుంటారు, చివర్లో ఏయే కాగితాలు ఇవ్వాలి అని అడగండి, అడిగినవి రాసుకోండి. తెలంగాణలో చదివేవాళ్లూ, అటానమస్ కాలేజీల్లో వాళ్లూ ఇది ఇంకా జాగ్రత్తగా అడగాలి, ఎందుకంటే పద్ధతి కాలేజీకొక రకంగా ఉంటుంది.

"నీ సబ్జెక్టుకీ దీనికీ సంబంధం ఏంటి?" అని తప్పకుండా అడుగుతారు. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోండి. బీకాం వాళ్లు మిషన్ ఆస్పత్రిలో స్టోర్స్ లెక్కలో, పొదుపు సంఘాల పుస్తకాలో చూడొచ్చు. బీఏ పొలిటికల్ సైన్స్ వాళ్లకి ఉచిత న్యాయ సహాయం ఇచ్చే న్యాయ సేవాధికార సంస్థ, గ్రామ/వార్డు సచివాలయం. లైఫ్ సైన్సెస్ వాళ్లకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. "సేవ చేద్దామని ఉంది సార్" అంటే ఒప్పుకోరు, "ఓపీ రిజిస్టర్లు కంప్యూటర్‌లో ఎక్కించడం నేర్చుకుంటాను సార్" అంటే ఒప్పుకుంటారు.

ఎక్కడ చేయాలి

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మీ సొంత సంఘంలో చేయకండి. మీ పాస్టర్ గారు మంచివారే, మిమ్మల్ని చిన్నప్పటి నుంచి చూసినవారే, అందుకే మీ తప్పు మీకు చెప్పడం ఆయనకి కష్టం. ఆలస్యంగా వెళ్లినా ఎవరూ అనరు. పైగా మన సంఘంలో మనకి తెలిసిన బీదవాళ్లే మనకి కనబడతారు, మిగతావాళ్లు కనబడరు. మీరు ఆదివారం పరిచర్య ఎలాగూ చేస్తారు. సెమిస్టర్ మాత్రం బయట చేయండి.

బయట అంటే ఎక్కడ? ఒక దారి మిషన్ ఆస్పత్రులు, వసతి గృహాలు. తెలుగు నేల మీద విశ్వాసం, సేవ కలిసి నడిచిన చోట్లు చాలానే ఉన్నాయి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్లకీ పిల్లలకీ వైద్యం మొదలుపెట్టి 1898 నాటికి ఆస్పత్రి తెరిచారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు రోగుల కోసం ఆస్పత్రి పెట్టారు, దానికి పెద్ద మొత్తం ఇచ్చిన దాత నర్సా గౌడ్ హిందువు. అదే ఏడాది మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగుల శానిటోరియం తెరిచారు. ఇలాంటి చరిత్ర ఉన్న ఆస్పత్రి మీ జిల్లాలో ఏదుందో మీ పెద్దవాళ్లని అడగండి.

రెండో దారి ప్రభుత్వ ఆఫీసులు. మన పిల్లలు దీన్ని అసలు లెక్కలోకి తీసుకోరు, నాకు అదే బాధ. సేవ అంటే అనాథాశ్రమం, పండ్లు పంచడం, దుప్పట్లు పంచడం అనే అలవాటు పడిపోయింది మనకి. ఒక బీద కుటుంబానికి నెలనెలా వచ్చే పింఛను ఆగిపోతే మనం ఇచ్చే దుప్పటి దాన్ని తిరిగి తేలేదు, అది సచివాలయంలో తేలాలి. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకీ, పిల్లలకీ, ఎస్సీ ఎస్టీలకీ, వికలాంగులకీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. ఈ సంగతి తెలియక వడ్డీకి తెచ్చి లాయర్ ఫీజు కట్టేవాళ్లు మన సంఘాల్లోనే ఉన్నారు. అక్కడ కొన్ని నెలలు కూర్చుంటే మీకు తెలిసేది జీవితమంతా మీ ఊరికి పనికొస్తుంది.

ఎంచుకునేటప్పుడు ఒకటి చూసుకోండి, నేను ఒకరోజు రాకపోతే ఇక్కడ ఎవరి పనైనా ఆగుతుందా? ఆగదు అంటే అక్కడ మీ చేతికి నిజమైన పని ఇవ్వట్లేదన్నమాట.

ఉత్తరం ఎలా రాయాలి

కాలేజీ ఇచ్చే లెటర్‌తో పాటు మీ సొంత ఉత్తరం ఒకటి పెట్టండి. పొడుగు అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"సూపరింటెండెంట్ గారికి నమస్కారం. నేను ఫలానా కాలేజీలో బీఏ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా కోర్సులో భాగంగా ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఇంటర్న్‌షిప్ చేయాలి. మీ ఓపీ దగ్గర రోగులకి ఫారాలు నింపడంలో, ఏ గదికి వెళ్లాలో చూపించడంలో సాయం చేయగలను. తెలుగు, ఇంగ్లీష్ రాయడం, ఎక్సెల్ వచ్చు. సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం తొమ్మిదికల్లా వస్తాను. నా పని చూసి తప్పొప్పులు చెప్పడానికి ఒకరిని నియమించమని మనవి."

ఆ చివరి వాక్యం మర్చిపోకండి. ఫలానా వ్యక్తి మీ బాధ్యుడు అని రాతపూర్వకంగా లేకపోతే రెండో వారానికే మీరు ఎవరికీ పట్టనివాళ్లవుతారు. మీ విశ్వాసం గురించి ఉత్తరంలో రాయాలా? మిషన్ సంస్థకైతే ఒక వాక్యం రాయొచ్చు. ప్రభుత్వ ఆఫీసుకైతే అక్కర్లేదు. ఫోన్ చేసి ఊరుకోకండి, ఒకసారి మనిషి వెళ్లి కనబడండి.

బస, ఖర్చు, భద్రత

జీతం ఇస్తారనుకోకండి, చాలాచోట్ల భోజనం పెట్టడమే గొప్ప. బస్ పాస్, మధ్యాహ్నం భోజనం, ఫోన్ రీచార్జి కలిపి నెలకి ఎంతవుతుందో ఇంట్లో కూర్చుని లెక్కేసుకోండి. వేరే ఊరైతే అక్కడి సంఘం స్త్రీల సమాజం వాళ్లని అడిగితే ఎవరో ఒకరి ఇంట్లో గది దొరుకుతుంది, కాకపోతే ఊరికే ఉండకుండా కొంత ఇవ్వండి. వాళ్లు వద్దన్నా సరే.

అమ్మాయిలకి ప్రత్యేకంగా చెప్పాలి. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ఏ సంస్థలోనైనా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలి, ఇది 2013 చట్టం. ట్రైనీలకీ అది వర్తిస్తుంది. చేరిన మొదటి రోజే ఆ కమిటీలో ఎవరున్నారో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని టెన్షన్ పడొద్దు. "ఇది దేవుని పని చేసే చోటు, ఇక్కడ అలాంటివి ఉండవు" అని ఎవరైనా అంటే అక్కడ ఇంకాస్త జాగ్రత్తగా ఉండండి.

పిల్లల హాస్టల్లో చేస్తుంటే ఏ పిల్లతోనూ, ఏ పిల్లాడితోనూ తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకండి. ఎవరైనా పిల్లలు తమపై జరిగిన లైంగిక వేధింపు చెప్తే "ప్రార్థన చేద్దాం" అని అక్కడితో ఆపకూడదు, పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. సంస్థ పరువు గురించి ఎవరెన్ని చెప్పినా సరే.

మొదటి రెండు వారాలు

నోరు తక్కువ, కళ్లు ఎక్కువ. నెహెమ్యా యెరూషలేము వెళ్లినప్పుడు ముందు ఎవరికీ ఏమీ చెప్పకుండా రాత్రిపూట గోడంతా తిరిగి చూశాడు, ఆ తర్వాతే మాట్లాడాడు. మీరూ అంతే. ఏ రిజిస్టర్ ఎక్కడుంది, ఏ కౌంటర్ దగ్గర ఎక్కువసేపు నిలబడుతున్నారు, ఎవరు కాగితం చూపించడానికి సిగ్గుపడి వెనక్కి వెళ్లిపోతున్నారు, ఇవి చూడండి. అటెండర్‌తో, ఆయమ్మతో స్నేహం చేసుకోండి, ఆఫీసు నిజంగా ఎలా నడుస్తుందో వాళ్లకే తెలుసు.

ఒక ఉదాహరణ చెప్తాను. ఆంధ్రాలో ప్రతినెలా 1వ తేదీన సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి పింఛను ఇస్తారు, ముసలివాళ్లకి ఇప్పుడు నాలుగు వేలు. వేలిముద్ర తీసుకునే మెషీన్ మీద వేలు పెట్టాలి. జీవితమంతా నాట్లు వేసి, కలుపు తీసి వేలిముద్రలు అరిగిపోయిన అవ్వ బొటనవేలు పెడుతుంది, పడదు. చీర కొంగుకి తుడుచుకుని మళ్లీ పెడుతుంది, పడదు. చూపుడువేలు. ఎడమచెయ్యి. చుట్టూ వాకిట్లో నిలబడినవాళ్లందరూ ఆ వేలి వంకే చూస్తుంటారు, ఆమె ఏదో తప్పు చేసినదానిలా "పడట్లేదయ్యా" అంటుంది. అక్కడ మీకు పని ఉంది. ఎవరెవరికి వేలు పడటం లేదో వాళ్ల జాబితా సచివాలయం వాళ్లతో కలిసి తయారుచేయడం, వాళ్లని ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించడం, సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) కావాల్సినవాళ్లకి క్యాంపు ఎప్పుడో కనుక్కుని చెప్పడం. చూడ్డానికి చిన్నపనే, కానీ చేసేవాళ్లు లేక ఆగిపోయే పని.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం ఆ వారంలో చదవండి. రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లని వదిలేస్తున్నారని గొడవ వచ్చింది. జాబితాలో పేరు లేని ఆడవాళ్ల సమస్యే అది. అప్పుడు వాళ్లు ఏడుగురిని పేర్లతో సహా ఎన్నుకుని ఆ పని అప్పగించారు. మొదటి సంఘం అలాంటి పనిని అంత పెద్దగా చూసింది.

ఒక కట్టుబాటు మాత్రం మొదటి రోజు నుంచే పెట్టుకోండి. ఎవరి డబ్బూ మీ చేతిలో ఉంచుకోకండి, ఎవరి ఏటీఎం పిన్నూ తెలుసుకోకండి, "నువ్వే తీసిపెట్టు నాయనా" అని బతిమాలినా వాళ్ల పక్కన నిలబడి వాళ్ల చేతే చేయించండి. ఫోటోలు కూడా. రోగి మంచం పక్కన సెల్ఫీ తీసి స్టేటస్ పెట్టకండి. కుడిచేతితో చేసింది ఎడమచేతికి తెలియకూడదని మనం చిన్నప్పుడే బట్టీపట్టాం కదా.

సువార్త సంగతి

అందరూ నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "మేం క్రైస్తవులమని చెప్పాలా వద్దా? చెప్పకపోతే దేవుని దగ్గర దాచినట్టు కాదా?"

ఒంగోలు చరిత్ర చూడండి. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. పనికి వచ్చినవాళ్లలో బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్లు ఎంతోమంది. ఆయన ఇవ్వలేదు. కరువు ఉన్నంతకాలం ఆపేశారు, అన్నం కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని. కరువు తగ్గాక, చేతిలో ఇవ్వడానికి కూలీ లేనప్పుడు మళ్లీ మొదలుపెట్టారు, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ సంఖ్యనే మన సభల్లో ఎప్పుడూ చెప్తారు. ఆయన ఆగిన నెలల గురించి ఎవరూ చెప్పరు, నా మటుకు నాకు అదే ముఖ్యం. ఆకలితో ఉన్నవాడికి, మందుల చీటీ మీ చేతిలో ఉన్నవాడికి మీ మాట వద్దనే స్వేచ్ఛ ఉండదు. వద్దనలేని మనిషికి చెప్పేది సాక్ష్యం అవ్వదు, బలవంతం అవుతుంది.

కాబట్టి పని చేసేచోట కరపత్రాలు పంచకండి. ఫారం నింపుతూ "ఏసయ్యని నమ్ముకోమ్మా" అనకండి. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ఆచరించడానికి, ప్రచారం చేసుకోవడానికి కూడా మనకి హక్కిచ్చింది, నిజమే, కానీ ప్రభుత్వ ఆఫీసులో మీరు కూర్చున్న కుర్చీ అందరిదీ. మిషన్ ఆస్పత్రిలో చాప్లిన్ (ఆస్పత్రి పాస్టర్) ఉంటారు, ప్రార్థన కావాలని రోగే అడిగితే ఆయన్ని పిలవండి. ఎవరైనా "నువ్వెవరమ్మా, ఎందుకింత ఓపిగ్గా చేస్తున్నావ్?" అని అడిగితే మాత్రం దాచకండి, "నేను క్రైస్తవురాలినండి, మాకు ఇలా చేయమని నేర్పారు" అని ఒక్క మాట చెప్పి పనిలోకి వెళ్లిపోండి. అడిగింది ఒక్క మాట, జవాబూ ఒక్క మాటే. ఇంకా వినాలనుంటే పనివేళలు అయ్యాక వాళ్లే వస్తారు.

వాక్యం, పని కలిపి

రోజూ క్వైట్ టైమ్ (ఒంటరిగా వాక్యం, ప్రార్థన) ఒక పక్క, ఆఫీసు పని ఒక పక్క ఉంటే నెల తిరిగేసరికి రెండూ విడిపోతాయి. వారానికి ఒక భాగం తీసుకుని ఆ వారం చూసినదాని పక్కన పెట్టి చదవండి. యెషయా 58 ఉపవాసం గురించి, ఆమోసు 5 ఊరి గుమ్మం దగ్గర బీదవాళ్లకి జరగని న్యాయం గురించి (కోర్టులో చేసేవాళ్లు ఇది తప్పకుండా చదవాలి), మీకా 6, లూకా 10, మత్తయి 25, యాకోబు 2. ఒంటరిగా కాకుండా మీతో పాటు ఇంటర్న్‌షిప్ చేస్తున్న ఇద్దరు ముగ్గురితో శనివారం సాయంత్రం కూర్చోండి. మీ కాలేజీలో ఈయూ గానీ ఐకఫ్ గానీ (ఇవి క్రైస్తవ విద్యార్థుల సంఘాలు) ఉంటే అక్కడి సీనియర్లని కలుపుకోండి. పాటలు, ప్రార్థన తర్వాత ప్రతి ఒక్కరూ ఆ వారం తమకి కోపం తెప్పించిన ఒక సంగతి చెప్పాలి. అక్కడి నుంచి మాట మొదలైతే వాక్యం కొత్తగా వినబడుతుంది.

కులం గురించి ముందే తెలుసుకోండి

దీన్ని తప్పించుకోలేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఇచ్చారు, క్రైస్తవులకి లేదు. మన దగ్గర ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లని బీసీ-సీలో పెట్టారు, రిజర్వేషన్ ఒక్క శాతం. అందుకే ఫారంలో కులం, మతం గడులు నింపేటప్పుడు మీ అంతట మీరు ఏమీ రాయకండి, సలహా కూడా ఇవ్వకండి, ఆ గడి మీద ఒక కుటుంబం పిల్లల చదువులు, ఉద్యోగాలు ఆధారపడి ఉంటాయి. వాళ్లు చెప్పింది రాయండి, అనుమానం ఉంటే వీఆర్వో దగ్గరికో తహసీల్దార్ ఆఫీసుకో తీసుకెళ్లండి. ఇక పల్లెల్లో మాలపల్లెకో చర్చి, మాదిగపల్లెకో చర్చి ఉన్న ఊళ్లు మీకు తెలుసు. రెండుచోట్లా భోంచేయండి. ఒకచోటే తింటే ఊరంతటికీ తెలుస్తుంది.

లాగ్‌బుక్

ఏ రోజుది ఆ రోజే రాయండి. "ఈరోజు రోగులకు సహాయం చేశాను" అని రాస్తే మెంటర్‌కీ పనికిరాదు, మీకూ పనికిరాదు. "ఓపీలో కొత్త చీటీ కోసం వచ్చినవాళ్లలో చాలామంది ఆరోగ్యశ్రీ కార్డు ఇంట్లో మర్చిపోయారు, గేటు దగ్గర బోర్డు పెడితే బాగుంటుందని సిస్టర్ గారికి చెప్పాను" అని రాయండి (పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, జనం మాత్రం ఆరోగ్యశ్రీ అనే అంటారు). మనుషుల పేర్లు, జబ్బులు, కేసు వివరాలు రాయొద్దు. ప్రార్థనలో మీకు తోచినవి వేరే పుస్తకంలో రాసుకోండి, లాగ్‌బుక్ మీద వేరేవాళ్లు సంతకం పెడతారు. ఆ సంతకాలు కూడా వారం వారం తీసుకోండి, చివర్లో ఆ అధికారికి బదిలీ అయిపోతే మీ సెమిస్టర్ ఇబ్బందుల్లో పడుతుంది.

ముగించేటప్పుడు

వెళ్లిపోతున్నట్టు కనీసం మూడు వారాల ముందే అందరికీ చెప్పండి, ముఖ్యంగా పిల్లలకీ ముసలివాళ్లకీ. "మళ్లీ వస్తాను" అని నిజంగా వచ్చే ఉద్దేశం ఉంటేనే అనండి. మీరు చేస్తున్న పనులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసి మీ తర్వాత వచ్చేవాళ్ల కోసం ఆఫీసులో వదలండి. ఎవరి దరఖాస్తు ఎంతదాకా వచ్చింది, ఏ కాగితం తగ్గింది, ఎవరిని అడగాలి, అన్నీ. ఈ నోట్‌బుక్‌లో పేర్లు ఉంటాయి కాబట్టి మీ బాధ్యుడి చేతికే ఇవ్వండి. వెనక అట్ట మీద నాలుగు నంబర్లు రాసిపెట్టండి: న్యాయ సహాయానికి 15100, ఆడవాళ్లకి 181, పిల్లలకి 1098, వృద్ధులకి 14567.

సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు తేదీలు, మీ పేరు స్పెల్లింగ్, సంస్థ ముద్ర అక్కడే నిలబడి సరిచూసుకోండి. రెండు జిరాక్సులు తీయించి ఒకటి కాలేజీలో ఇచ్చి, ఇంకొకటీ ఒరిజినలూ దాచుకోండి. నెల తిరిగాక ఆఫీసుకి ఒక్కసారి ఫోన్ చేసి ఆ నోట్‌బుక్ ఎవరైనా వాడుతున్నారో లేదో కనుక్కోండి, వాడకపోతే వచ్చే సెమిస్టర్‌లో అక్కడ చేరబోయే జూనియర్ నంబర్ తీసుకుని వాళ్లకి మీరే చెప్పండి.